వెచ్చదారం

కాకినాడలో భానుగుడి సెంటరు దాటి సముద్రం వైపు పోయే దారిలో సాగర్ ఆర్కేడ్ అని ఒక పాత భవనం ఉంది. అందులో కరెంటు పోయినప్పుడల్లా ముందుగా వినిపించేది నూకరాజు గొంతు.

"మళ్ళీ మిక్సరు వేశారండి ఆవిడ. నా ఐస్‌క్రీము నీళ్ళయిపోతే గాని ఆవిడకి తృప్తి ఉండదండి."

ఆవిడ అంటే సత్యవతి. కింది అంతస్తులో మెట్లకు ఒక పక్క ఆమె బేకరీ, మరో పక్క నూకరాజు ఐస్‌క్రీం పార్లరు. ఒకప్పుడు ఇద్దరూ పొద్దున్నే పలకరించుకుని షట్టర్లు ఎత్తినవాళ్ళే. రెండేళ్ళ కిందట వ్యాపార భవనాలకు కొత్త నిబంధన వచ్చినప్పటి నుంచి మాటలు లేవు. ఒక్కో భవనానికి ఇంత కరెంటు అని హద్దు పెట్టారు. అది దాటితే మీటరు తనంతట తానే భవనం మొత్తాన్ని గంటసేపు ఆపేస్తుంది. ఫోను చేసి బతిమాలుకోవడానికి అవతల మనిషంటూ లేడు. ఏటేటా ఎండలు ముదురుతున్నాయి. ఏసీలు తగ్గిస్తే గిరాకీ రాదు, పెంచితే మీటరు ఊరుకోదు. ఎవరు ఎప్పుడు ఏం వేశారన్నదే పొద్దస్తమానం తగవు.

కరెంటు మీద ఆధారపడలేక సత్యవతి వెనకటి ఇటుకల బట్టీని బాగుచేయించి సరుగుడు కట్టెలతోనే రొట్టెలు కాల్చడం మొదలుపెట్టింది. అయినా పిండి కలిపే మిక్సరు తప్పదు. అది తిరిగినప్పుడల్లా నూకరాజు ఫ్రీజర్ల గుండె ఆగిపోయేది. ఆ మే నెలలో ఒక పెళ్ళికని అతను సిద్ధం చేసిన ఐస్‌క్రీమంతా పాయసమైంది. పెళ్ళివారు దాన్ని గ్లాసుల్లో పోసి వడ్డించారని తెలిసి సత్యవతి నవ్విందట. ఆ నవ్వు సంగతి ఎవరో అతనికి చేరవేశారు. దాంతో అతను తన పాత తోపుడుబండిని తెచ్చి మెట్ల కింద, సరిగ్గా బేకరీ కట్టెలు దించే చోట అడ్డంగా పెట్టాడు. చదువు మానేసిన వయసులో వీధి వీధీ తిరిగి ఐస్‌ఫ్రూట్లు అమ్మిన బండి అది. ఎవరైనా కదిలిస్తే ఊరుకునేవాడు కాదు.

మొదటి అంతస్తులో డాక్టర్ మెహరున్నీసా కాన్పుల ఆస్పత్రి ఉంది. ఇద్దరికీ మధ్య రాయబారాలు ఆమెవే. కానీ ఆ వేసవి చివర ఆమే ఇద్దరినీ పిలిపించి, ఇలా అయితే తాను వేరే భవనం చూసుకుంటానని చెప్పింది. ఇన్వర్టరు మీద ఎంతసేపని పసిపిల్లలను కాపాడుకురాగలనని అడిగింది. ఆమె వెళ్ళిపోతే ఆ మెట్లెక్కే మనుషులే ఉండరని ఇద్దరికీ తెలుసు. అయినా ఒకరి ముఖం ఒకరు చూడకుండానే కిందికి దిగారు.

ఈ గొడవలన్నీ డాబా మీద గదిలో పనిచేసుకునే హైమవతి చెవిన పడుతూనే ఉండేవి. ఆమె సత్యవతి చెల్లెలు. విశ్వవిద్యాలయంలో పదార్థ విజ్ఞానం మీద పరిశోధన చేసి, అక్కడి పద్ధతులతో పొసగక బయటికి వచ్చేసింది. అక్క డాబా గది ఇప్పించింది. అందులో చిన్న కొలిమి, రెండు పంపులు, ఉప్పాడ ఒడ్డు నుంచి తెచ్చిన నల్ల ఇసుక సంచులు. ఆ గదిలో హైమ ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే సత్యవతి దారం వడుకుతోందని చెప్పేది. నవ్వులాటకు అన్నా అది నిజమే.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం హైమ అక్కను టీకి పైకి పిలిచింది. సత్యవతి ఆయాసపడుతూ మెట్లెక్కేసరికి పిట్టగోడ మీద ఒక స్టీలు గిన్నెలో టీ తెర్లుతోంది. కింద గ్యాసు లేదు, వైరు లేదు. గిన్నె అడుగు నుంచి తల వెంట్రుకలా సన్నని బూడిదరంగు పోగు ఒకటి పిట్టగోడ దాటి కిందికి దిగింది.

"పొయ్యి ఏదే?" అంది సత్యవతి.

"కింద ఉందక్కా. నీ బట్టీయే."

సత్యవతి వంగి చూసింది. పోగు రెండో చివర బేకరీ పొగగొట్టానికి చుట్టి ఉంది. మధ్యలో ముట్టుకుని చూడమంది హైమ. భయపడుతూనే వేలు ఆనించింది. మామూలు దారంలా చల్లగా ఉంది.

మామూలు ఇనుప చువ్వ అయితే వేడిని దారి పొడవునా గాలికీ గోడకూ పంచేస్తూ పోతుందనీ, ఇది మధ్యలో ఎవరికీ ఇవ్వకుండా ఈ చివర తీసుకున్నదంతా ఆ చివరే దింపుతుందనీ, వెనక్కి మాత్రం రానివ్వదనీ హైమ చెప్పింది. ఒక్కో పోగు ఇంత అని లెక్కగా మోస్తుంది. ఎక్కువ కావాలంటే పోగులు కలపాలి, తక్కువ కావాలంటే తీసేయాలి. అంతకు మించి సత్యవతి అడగలేదు. టీ తాగుతూ పొగగొట్టం వైపు చూసింది.

"ఇన్నాళ్ళూ ఆకాశంలోకి పోయిందంతా మనదేనా?"

"మనదేనక్కా."

"అయితే రేపటి నుంచి పోనివ్వకు."

ఆ మాట అన్నంత తేలిక కాలేదు. బట్టీ వేడిని మోసుకెళ్ళి దింపడానికి ఒక చోటు కావాలి. ఆస్పత్రిలో రోజంతా వేడినీళ్ళు కావాలి, రెండో అంతస్తు కుట్టు శిక్షణ కేంద్రంలో ఇస్త్రీపెట్టెలు కాలాలి. ఆ రెండూ కరెంటు లేకుండా నడిస్తేనే సగం భారం దిగుతుంది. మిగిలిన సగం నూకరాజు ఫ్రీజర్లది. ఐస్‌క్రీములోంచి లాగిన వేడినంతా అవి వెనకవైపు గదిలోకే వదులుతాయి. ఆ వేడిని తరమడానికి గదిలో ఏసీ, ఆ ఏసీ వేడికి పక్కనే బేకరీలో ఉక్క. ఆ వేడిని భవనం కింద సెల్లారులో మూతేసి ఉన్న పాత నూతి నీళ్ళలోకి దింపేస్తే ఫ్రీజర్లు ఆయాసపడవు. కానీ అందుకు నూకరాజు ఒప్పుకోవాలి.

అతను మొదట ఒప్పుకోలేదు. బేకరీ వాళ్ళ దారం తన షాపులోకి రానివ్వనని మెహరున్నీసాతో చెప్పి పంపాడు. డాక్టరమ్మ కిందికి దిగి, ఒక్క ఫ్రీజరుకు ఒక్క పూట పెట్టి చూడమంది. ఆవిడ మాట కాదనలేక సరేనన్నాడు. హైమ ఫ్రీజరు వెనక జాలీకి గుప్పెడు పోగులు చుట్టి, రెండో కొసలు నూతిలోకి వదిలింది. కాసేపటికి నూకరాజు కంగారుగా మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, మీ దారం నా మిషను పాడుచేసిందండి. చప్పుడు లేదు."

హైమ వెళ్ళి తలుపు తీసి చూపించింది. లోపల గడ్డకట్టిన పాలు రాయిలా ఉన్నాయి. ఫ్రీజరు ఆగిపోలేదు, దానికి పని తగ్గి నెమ్మదించింది. నూకరాజు దాని మీద చెవి ఆనించాడు. ఇన్నేళ్ళూ రొద పెట్టిన మిషను పసిపిల్లలా ఊపిరి తీస్తోంది. తర్వాత తనే మిగతా ఫ్రీజర్లన్నీ గోడకు దూరంగా జరిపి పెట్టాడు.

ఆ నెలాఖరుకు సాగర్ ఆర్కేడ్ గోడల నిండా పోగులు పరుచుకున్నాయి. బట్టీ నుంచి వేడినీళ్ళ ట్యాంకుకు, ఇస్త్రీ బల్లలకు; గదుల నుంచి నూతికి; ఫ్రీజర్ల వేడిలో కొంత బేకరీలో పిండి పొంగే పెట్టెకు. హైమ దానికి పెట్టిన పేరు పొడుగ్గా ఉండి ఎవరి నోటా పలకలేదు. కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు వెచ్చదారం అన్నారు. అదే నిలిచింది. వీధిలో మిగతా భవనాలు రోజూ మధ్యాహ్నం చీకటైపోతుంటే సాగర్ ఆర్కేడ్ మీటరు మీద ఆకుపచ్చ దీపం అలాగే వెలుగుతూ ఉండేది. పక్క వీధి నుంచి కూడా ముసలివాళ్ళు వచ్చి మెట్ల మీద చల్లగా కూర్చునేవారు. సత్యవతి మిక్సరు వేసినప్పుడు నూకరాజు ఏమీ అనలేదు. ఒకరోజు అతనే గోడ అవతలి నుంచి, ఇవాళ బన్నుల వాసన బాగుందండి అన్నాడు. రెండేళ్ళ తర్వాత అదే మొదటి మాట.

కష్టమల్లా ఒక్కటే. అన్నీ ముడిపడిపోవడంతో ఎవరికి వారు షాపు మూసే వీలు పోయింది. సోమవారం బట్టీ ఆర్పితే ఆస్పత్రిలో వేడినీళ్ళు ఉండవు, కుట్టు పిల్లలకు ఇస్త్రీ ఉండదు. నూకరాజు ఫ్రీజర్లు ఆపి కడుక్కుందామంటే సత్యవతి పిండి పొంగదు. తునిలో మేనల్లుడి పెళ్ళికి అతను పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. సత్యవతికి సెలవంటూ లేకుండా పోయింది. ఊళ్ళోనే ఉన్న సముద్రాన్ని చూసి ఎన్నేళ్ళయిందోనని ఒకరోజు తనలో తానే అనుకుంది. అయినా సణుగుతూనే అందరూ నవ్వుతూ పనిచేసుకున్నారు.

అసలు కష్టం ఆగస్టులో బయటపడింది.

శ్రావణ శుక్రవారం. బేకరీలో రద్దీ. బట్టీలోంచి అప్పుడే లాగిన ట్రే పడిపోబోతుంటే దగ్గరలో ఉన్న హైమ రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని తీరిగ్గా నడిచి వెళ్ళి బల్ల మీద పెట్టింది. గిరాకీతో మాట్లాడుతున్న సత్యవతి మాట మధ్యలో ఆగిపోయింది. చెల్లెలి చేతులు తిప్పి చూసింది. అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. హైమ ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

చేతులకు తడిబట్ట చుట్టి పైకి తీసుకెళ్ళింది. మెహరున్నీసా మందు రాసి, కళ్ళు మూసుకోమని చెప్పి, ఒక చేతికి వేడినీళ్ళ సీసా, ఇంకో చేతికి మంచుగడ్డ ఆనించింది. ఏది ఏదో చెప్పమంది. హైమ చాలాసేపు ఆలోచించి తప్పు చెప్పింది. సూదితో గుచ్చితే తెలుస్తోంది, గరుకు తెలుస్తోంది, బరువు తెలుస్తోంది. వేడీ చలీ మాత్రం వేళ్ళ నుంచి మణికట్టు దాకా చెరిపేసినట్టు పోయాయి. వట్టి చేతులతో ఏళ్ళ తరబడి ఆ పోగులు పేని పేని ఇలా అయిందని ముగ్గురికీ అర్థమైంది. తిరిగి వస్తుందో లేదో చెప్పలేనంది డాక్టరు.

"ఎప్పటి నుంచే?" అని సత్యవతి అడిగింది.

"పోయిన చలికాలం నుంచి. మొదట చలికి మొద్దుబారాయనుకున్నాను."

సత్యవతి కిందికి దిగింది. కాసేపటికి బేకరీ కత్తెర పట్టుకుని పొగగొట్టం దగ్గర నిలబడి ఉంది. హైమ పరుగున వచ్చి అడ్డం నిలిచింది. అప్పటికే నూకరాజు, కుట్టు పిల్లలు అక్కడ చేరారు.

"భవనం చల్లబడిందని అందరం గంతులేశాం," అంది సత్యవతి. "అది నీ చేతుల్లోంచి పోయిందని ఒక్కళ్ళమూ చూడలేదు. నాకొద్దే ఈ దారం. రేపటి నుంచి చీకట్లోనే కూర్చుంటాను."

"కోసినా నా చేతులకు తిరిగి రాదక్కా. ఉన్నదాన్ని కూడా ఎందుకు పోగొట్టడం? నేను ముట్టుకోను. ఇంకెవరూ వట్టి చేత్తో ముట్టుకోకుండా చూద్దాం."

సత్యవతి కత్తెర దించింది. ఆ సాయంత్రమే కుట్టు పిల్లలు మెత్తటి తోలుతో చేతి తొడుగులు కుట్టడం మొదలుపెట్టారు. పోగులు పేనడం, చుట్టడం వాళ్ళు నేర్చుకున్నారు. తొడుగులతో పని నెమ్మదిగా సాగేది, సన్నపోగులు జారిపోయేవి. అయినా తొడుగు లేని చేయి దారం మీద పడితే సత్యవతి కేక వీధి చివరకు వినిపించేది. హైమ బల్ల ముందు కూర్చుని ఏ పోగు ఎక్కడికో చెప్పేది. పైకి మామూలుగానే ఉండేది. కానీ స్నానానికి నీళ్ళు తోడుకున్నప్పుడు మోచేతితో చూసుకోవలసి వచ్చేది. పిండి కలిపి వచ్చిన అక్క చేయి పట్టుకుంటే ఆ నునుపు తెలిసేది, ఆ వెచ్చదనం తెలిసేది కాదు. 

నవంబరులో తుఫాను వచ్చింది. అది ఒడిశా వైపు పోతుందనుకున్నారు. తెల్లవారేసరికి కాకినాడ మీదే విరుచుకుపడింది. రోడ్లకు అడ్డంగా చెట్లు పడ్డాయి, ఊరంతటా కరెంటు తీసేశారు. గాలివానలో చిక్కుకున్నవాళ్ళు సాగర్ ఆర్కేడ్ మెట్ల మీదా వరండాలోనూ తలదాచుకున్నారు. వానకు తడవని కట్టెలతో సత్యవతి బట్టీ రాజేసి అందరికీ టీ పెడుతోంది.

అప్పుడు మెహరున్నీసా కిందికి వచ్చింది. ఆస్పత్రికని ఈ మధ్యే తెచ్చిన జనరేటరు సెల్లారులో నీట మునిగింది. ఇన్వర్టరు చివరికొచ్చింది. పైన నెలలు నిండకుండా ముందురోజు పుట్టిన ఆడపిల్ల ఉంది, అరచేయంత ప్రాణం. తల్లి ఆపరేషను తర్వాత జ్వరంతో ఒళ్ళు తెలియకుండా ఉంది. పిల్లను ఉంచిన వెచ్చటి పెట్టె ఇంకాసేపటికి ఆగిపోతుంది. వేరే ఆస్పత్రికి దారి లేదు.

వెచ్చదారాన్ని పిల్లల పెట్టెల దాకా రానివ్వనని మొదటి నుంచీ గట్టిగా చెప్పిన మనిషి ఆమె. నీళ్ళు వేరు, పిల్లలు వేరు అనేది. ఇప్పుడు బట్టీ ముందు నిలబడి హైమను అడిగింది.

"హైమా, ఈ మంటను పై దాకా తీసుకురాగలవా? పిల్ల ఒంటికి ఎంత కావాలో అంతే రావాలి. కొంచెం ఎక్కువైనా ప్రమాదమే."

 మామూలు రోజుల్లో వేడి ఎంత పోవాలో చూసే చిన్న యంత్రం కరెంటు మీద పనిచేస్తుంది. అది లేదు కాబట్టి పోగులు ఒక్కొక్కటిగా చేత్తో కలపాలి, తీయాలి. తోలు తొడుగులతో ఒక్క పోగును విడదీయడం కుదరదు. వట్టి వేళ్ళు కావాలి. ఆ పని హైమ వేళ్ళకే వచ్చు, కానీ వాటికి వేడి తెలియదు గనుక ఎంత పోతోందో ఆమెకు అంతుపట్టదు, తన చేయి కాలుతున్నా తెలియదు. ఆ మాటే చెప్పింది. అందరూ సత్యవతి వైపు చూశారు.

సత్యవతి చేతులు తుడుచుకుని, అక్కడే నిలబడ్డ నూకరాజుకు కట్టెలు తోసే గడకర్ర అందించింది. మంట తగ్గనివ్వకండి, పెంచకండి అని చెప్పి చెల్లెలి వైపు తిరిగింది.

"పద. నువ్వు ముట్టుకో. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదలాలో నేను చెప్తాను."

కుట్టు పిల్లలు తొడుగులు వేసుకుని బట్టీ నుంచి మెట్ల మీదుగా పోగుల కట్టను పైకి లాగారు. పెట్టె అడుగున రాగి పళ్ళెం, దాని మీద పలచటి బట్ట, ఆ పైన పిల్ల. సత్యవతి మణికట్టు లోపలివైపు పళ్ళేనికి ఆనించి కూర్చుంది. హైమ వంగి ఒక్కో పోగునూ పళ్ళేనికి చుట్టసాగింది. ఇంకొకటి, ఇంకొకటి అంటోంది సత్యవతి. చాలు అంది. వెంటనే ఒకటి తీసెయ్ అంది. మధ్య మధ్య చెల్లెలి చేయి పట్టుకుని కొసల దగ్గరి నుంచి పక్కకు లాగి, తడిబట్ట అద్ది మళ్ళీ వదులుతోంది. మెహరున్నీసా పిల్ల చంకలోని థర్మామీటరు మీద నుంచి చూపు తిప్పలేదు. చాలాసేపటికి తల ఎత్తి, ఇలాగే ఉంచండి అంది. పిల్ల తండ్రి యల్లాజీ గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నాడు. అతను పడవ మీద వేటకెళ్ళే మనిషి. ఎన్నో తుఫానులు చూశాడు గాని ఇలా చేతులు ముడుచుకుని కూర్చోవడం అతనికి తెలియదు. నూకరాజు కింది నుంచి కేకేసి పిలిస్తే కట్టెలు మోయడానికి పరుగెత్తాడు.

కింద వేరే సందడి మొదలైంది. మంట ఎలాగూ ఆర్పకూడదు, పిండి బస్తాలున్నాయి, మెట్ల నిండా ఆకలిగా జనం ఉన్నారు. రొట్టెలు కాల్చేద్దామన్నాడు నూకరాజు. జన్మలో పిండి ముట్టని మనిషి. మిక్సరు తిరగదు గనుక నలుగురు కలిసి చేతులతో పిసికారు. నూకరాజు తన ఐస్‌క్రీం గరిటెతో పిండి ముద్దలు తీసి ట్రేలో పెట్టాడు. గుండ్రంగా, బంతుల్లా, ఎవరూ ఎన్నడూ చూడని బన్నులు బయటికి వచ్చాయి. కరిగిపోతున్న ఐస్‌క్రీము ఊరికే ఎందుకు పోవాలని బకెట్లలో తెచ్చాడు. బయట గాలి హోరున తిరుగుతుంటే లోపల జనం వేడి బన్నులు చల్లటి ఐస్‌క్రీములో ముంచుకుని తిన్నారు. ఒక ముసలావిడ తన పెళ్ళిలో కూడా ఇంత రుచైన పదార్థం తినలేదంది. పైన సత్యవతికి ఒక బన్ను పంపితే కొరికి చూసి, ఉప్పెక్కువైందని చెప్పమంది. కానీ మొత్తం తినేసింది.

మధ్యాహ్నం దాటాక పొడి కట్టెలు అయిపోయాయి. వెనక పాకలో ఉన్న కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. పాత బెంచీలు, పగిలిన బల్లలు కూడా బట్టీలోకి పోయాయి. మంట దిగుతోందని పై నుంచి సత్యవతి కబురు పంపింది. నూకరాజు బట్టీ ముందు నుంచి లేచి మెట్ల కిందికి వెళ్ళాడు. తన తోపుడుబండిని రెండు చేతులా తడిమి చూశాడు. ఆ చెక్క మీద అతని తండ్రి రాసిన రంగు అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. యల్లాజీని పిలిచి గొడ్డలి తెమ్మన్నాడు. ఎవరో వద్దన్నారు, ఇంకేదైనా చూద్దామన్నారు.

"మంచి టేకండి. బాగా మండుద్ది," అన్నాడు నూకరాజు.

మొదటి దెబ్బ తనే వేశాడు. బండి చెక్కలు బట్టీలో ఎర్రగా వెలుగుతుంటే కాసేపు అలా చూసి, మళ్ళీ పిండి కలపడానికి కూర్చున్నాడు.

సాయంత్రానికి గాలి నెమ్మదించింది. ఊరికి కరెంటు రావడానికి మాత్రం రోజులు పట్టింది. అన్నాళ్ళూ వంతులు వేసుకుని బట్టీ కాచారు. వీధివాళ్ళు ఎవరికి తోచిన చెక్క వాళ్ళు తెచ్చి గుమ్మంలో పడేసి వెళ్ళారు. తల్లి జ్వరం తగ్గి కళ్ళు తెరిచిన పూట, మెహరున్నీసా పిల్లను పెట్టెలోంచి తీసి ఆమె గుండెల మీద పడుకోబెట్టింది. ఆ తర్వాతే సత్యవతి మెట్లు దిగి బేకరీలో బస్తాల మీద ఒరిగి నిద్రపోయింది. ఆమె మణికట్టు మీద సన్నటి ఎర్రమచ్చ ఒకటి మిగిలింది. హైమ వేళ్ళ మీద కొత్త బొబ్బలు రెండే ఉన్నాయి. అన్నిసార్లు అక్క చేయి లాగింది.

నూకరాజుకు కొత్త బండి చేయించాలని అందరూ అనుకున్నారు. అతను వద్దన్నాడు. మెట్ల కింద ఖాళీ అయిన చోట కట్టెలు సర్దుకోమని సత్యవతికి తనే చెప్పాడు. తుఫానులో జరిగింది విని పక్క భవనాల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దారం అడిగారు. హైమ ముందు చేతి తొడుగులు ఇచ్చింది, తర్వాత దారం ఇచ్చింది. ఎవరెవరికి కలపాలో తేల్చడానికి నూకరాజు వెళ్ళేవాడు. పక్కవాడితో మాటల్లేవని ఎవరైనా అంటే, ముందు అతని షాపుకెళ్ళి ఒక టీ తాగి రండి, పోగు సంగతి తర్వాత చూద్దాం అనేవాడు.

సెలవు సంగతి మాత్రం తేలలేదు. అందరూ ఒకేసారి మూస్తే తప్ప ఎవరూ మూయలేరు. పైన పెట్టెలో పసిపిల్ల ఉన్నంతకాలం బట్టీ ఆర్పే మాటే లేదు. తుఫాను తర్వాత డాక్టరమ్మ ఇక దారం లేకుండా పెట్టె వాడలేదు. కాబట్టి ముందుగా తేదీ అనుకునే వీలు లేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న మెహరున్నీసా చేతులు ఊపుకుంటూ కిందికి వచ్చింది. పైన ఎవరూ లేరని చెప్పింది. నిన్న సాయంత్రమే ఆఖరి బాలింత ఇంటికి వెళ్ళిందనీ, పెట్టెలన్నీ ఖాళీ అనీ, ఇవాళ ఎవరి నెలలూ నిండలేదనీ చెప్పింది. బేకరీ ముందు నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కుట్టు పిల్లలు సగం కుట్టిన జాకెట్లు మిషన్ల మీదే వదిలేశారు. నూకరాజు ఫ్రీజర్లు ఆపాడు. సత్యవతి బట్టీలో నిప్పులు లాగి నీళ్ళు చల్లింది. ఎన్నో నెలల తర్వాత పొగగొట్టం చల్లారింది. ఒక్కొక్కటిగా షట్టర్లన్నీ దిగాయి. మూడు ఆటోల్లో ఇరుక్కుని ఉప్పాడ వెళ్ళారు.

అలలు పెద్దగా ఉన్నాయి. మెహరున్నీసా చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డు వెంబడి చిన్నపిల్లలా పరుగెత్తింది. నూకరాజు ఇసుక మీద గొడుగు కింద ఐస్‌ఫ్రూట్లు అమ్ముతున్న ఒకతని దగ్గర అందరికీ కొని, మొదటి ముక్క కొరికి, నీళ్ళెక్కువయ్యాయని ఫిర్యాదు చేసి, తర్వాత ఇంకోటి కొనుక్కున్నాడు. సత్యవతి చెల్లెలి చేయి పట్టుకుని మోకాళ్ళ లోతుకు దిగింది. అల వచ్చి నడుము దాకా తడిపేసింది.

"చల్లగా ఉందే," అంది సత్యవతి వణుకుతూ.

"తెలుస్తోంది," అంది హైమ. చేతులకు కాదు, కాళ్ళకు, నడుముకు, ఒళ్ళంతటికీ. నవ్వుతూ నీళ్ళలో కూర్చుండిపోయింది.

అప్పుడే డాక్టరమ్మ ఫోను మోగింది. ఆమె ఒక చెవి మూసుకుని విని, ఎంతసేపయింది నొప్పులు మొదలై అని అడిగింది. ఏడో నెల అని అవతలివాళ్ళు చెప్పింది పైకి అంది. పక్కనే ఉన్నవాళ్ళు విన్నారు. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. కుట్టు పిల్లలు టిఫిను డబ్బాలు మూశారు. నూకరాజు చేతిలోని సగం ఐస్‌ఫ్రూటు నోట్లో కుక్కుకుని అందరికంటే ముందు పరుగెత్తి ఆటో ఎక్కాడు, డ్రైవరును తొందర పెట్టాడు. సెలవు పాడయిందని ఒక్కరూ అనుకోలేదు. దారంతా పుట్టబోయేది ఆడో మగో అని పందేలు వేసుకున్నారు.

వాళ్ళు చేరేసరికి ఆస్పత్రి మెట్ల దగ్గర రిక్షా ఆగి ఉంది. మెహరున్నీసా ఇసుక కాళ్ళతోనే పైకి పరుగెత్తింది. హైమ తొడుగులు వేసుకుని పోగుల కట్ట విప్పింది. సత్యవతి చీర అంచు నుంచి ఇంకా సముద్రం కారుతోంది. అలాగే బట్టీ ముందు కూర్చుని సరుగుడు కట్టెలు పేర్చి, అగ్గిపుల్ల గీసింది.